పురి వదిలిన చోటు

మా మేష్టారు పోయారని పోయిన నెలలో ఒక ఉదయం కార్డు వచ్చింది. ఆ ఊరి కరణంగారు రాసింది. మూడే వాక్యాలు. "తమ మేష్టారు మొన్న మధ్యాహ్నం జ్వరంతో కాలం చేశారు. కర్మలన్నీ ఊరివాళ్ళే జరిపిస్తున్నారు. మిగిలిన కథ తమరు వచ్చి చెప్పాలని ఇక్కడి ఆడవాళ్ళు అడుగుతున్నారు, అది ఏ కథో నాకు తెలియదు." అలాంటి ఉత్తరాన్ని ఇంట్లోకి తేకూడదని చదివి గుమ్మం బయటే చింపేస్తాం. నేనూ చింపేశాను. తీరా చింపాక మూడో వాక్యం సరిగ్గా చదివానా లేదా అని అనుమానం పట్టుకుని, ముక్కలన్నీ ఏరి అరుగు మీద పేర్చి మళ్ళీ చదివాను. నా భార్య గుమ్మంలోంచి చూసి, ఇదేం పని అన్నట్టు ముఖం పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఏ కథో నాకు బాగా తెలుసు. అది కథే గాని సాహిత్యం కాదని అచ్చులో రాసినవాణ్ణి నేనే. రాసింది కూడా ఈ పత్రికలోనే. మీలో కొందరు దాన్ని చదివి నన్ను మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు. ఆ ఉత్తరాలు నా దగ్గర ఇంకా ఉన్నాయి. అందుకే ఈ నాలుగు మాటలూ మీతోనే చెప్పుకోవాలి. వేరెవరితో చెప్పినా నాకు నిలకడ దొరకదు.

మేష్టారి పేరు చెప్పినా మీకు తెలియదు, కనక చెప్పను. వజ్రపుకొత్తూరు దాటి సముద్రం వైపు పోతే కొబ్బరితోటల నడుమ ఒక ఊరుంది. అందులో ఒకటే గది ఉన్న తాటాకు బడి. ఆ బడికి ఆయనొక్కరే మేష్టారు. భార్య పెళ్ళైన కొత్తలోనే పోయింది, పిల్లలు లేరు, మళ్ళీ చేసుకోలేదు. కళ్ళద్దాలకి ఒక పక్క పుల్ల విరిగిపోతే కొబ్బరిపీచుతో చెవికి కట్టుకుని, నేను ఎరిగినన్నాళ్ళూ అలాగే గడిపారు. జేబులో జీడిపిక్కలు పోసుకునేవారు. లెక్క సరిగ్గా చేసినవాడికి ఒకటి, తప్పు చేసి ఎక్కడ తప్పానో తనే కనిపెట్టినవాడికి రెండు. నేను తెలివైనవాణ్ణి కనక నాకెప్పుడూ ఒకటే దొరికేది. దాని అర్థం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

పొద్దుట బడి. మధ్యాహ్నం పిల్లలు వెళ్ళిపోయాక ఆ గది తాడు పేనే ఆడవాళ్ళది. సముద్రపు గాలి సూటిగా తగులుతుందని వాళ్ళంతా పీచు కట్టలు తెచ్చుకుని అక్కడ కూర్చునేవారు. కొబ్బరి డొక్కల్ని నెలల తరబడి ఉప్పునీళ్ళలో నానబెట్టి, బాది, పీచు తీసి, ఆరబెట్టి, అప్పుడు రెండు అరచేతుల మధ్యా పేనుతారు. అలా పడే మెలికనే పురి అంటారు. చెయ్యి ఆగకుండా ఆడినంతసేపూ పురి బిగువుగా, తాడు సమంగా వస్తుంది. చెయ్యి ఒక్క క్షణం ఆగిందా, ఆ చోట తాడు ఉబ్బి, పురి వదిలిపోతుంది. చూపుకి తెలియకపోయినా వేలికి తెలుస్తుంది.

వాళ్ళు తాడు పేనుతుంటే మేష్టారు ఇంకో మాసపత్రిక చదివి వినిపించేవారు. పలాసలో రైలు దిగిన టపా మూడోనాటికి ఆ ఊరు చేరేది. ఆయన చేతులు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడుగాని పత్రిక విప్పేవారు కాదు. నేను బడి వదిలిన చాలా ఏళ్ళకి అందులో నెలనెలా ఒక ధారావాహిక రావడం మొదలైంది. ఊరివాళ్ళు దానికి "బండి కత" అని పేరు పెట్టుకున్నారు. గడియారాలు బాగుచేసే ఒక మనిషి పెరట్లో కూర్చుని ఒక యంత్రం తయారుచేసి, అందులో ఎక్కి చంద్రమండలానికి పోతాడు. అక్కడ చూసినవీ, పడిన పాట్లూ, మళ్ళీ భూమికి బయల్దేరడం, ఇదీ కథ. కథ ఎంత సాగిందో ఆ ఆడవాళ్ళు పుటల్లో చెప్పేవారు కాదు, తాడుతో చెప్పేవారు. "ఈ నెల పద్నాలుగు బారలొచ్చింది కత" అనేవారు. ఒక మనిషి రెండు చేతులూ చాపితే ఒక బార.

నేను ఆ బడి వదిలి, కావ్యాలు చదువుకుని, టెక్కలిలో తెలుగు పండితుణ్ణయ్యాను. పండితుణ్ణయ్యాక నాకు కోపాలు ఎక్కువయ్యాయి. నెలనెలా వచ్చే ఈ శాస్త్ర కల్పనల మీద మరీ కోపం. ప్రతి నెలా చివర్న మనిషిని ఒక ప్రమాదంలో వేలాడదీసి, వచ్చే నెల దాకా పాఠకుణ్ణి వేపుకుతినడం ఏం రచన? యంత్రం ఉంది, మరలున్నాయి, మంట ఉంది, రసం ఏది? సంతలో గారడీవాడు చేసే పని ఇంతకంటె తక్కువా? ఇలా సాగింది నా వ్యాసం. ఉదాహరణకి ఆ బండి కతనే తీసుకున్నాను. మేష్టారు దాన్ని చదివి వినిపిస్తారని నాకు తెలుసు. తెలిసే తీసుకున్నాను. గురువుగారు చూస్తారు, శిష్యుడు ఎంత ఎదిగాడో తెలుసుకుంటారు అనుకున్నాను.

పదిహేను రోజులకి ఒక పొట్లం వచ్చింది. అందులో రెండు బారల పీచు తాడు, ఒక చీటీ. "ఇందులో సాహిత్యం ఎక్కడుందో చూసి చెప్పు" అని చీటీలో ఉంది. మేష్టారికి వయసు మీదపడిందనుకున్నాను. తాడు మాత్రం గట్టిదే కదా అని పెరట్లో రెండు గుంజలకి కట్టించాను. ఆ తరవాత ఏడాది పైన నా పంచెలు దాని మీదే ఆరాయి.

ఒకసారి సెలవుల్లో ఆయన్ని చూడ్డానికి వెళ్ళాను. బడి అరుగు మీద కూర్చుని ఏదో పుస్తకానికి కుట్టు వేస్తున్నారు. నన్ను చూసి తలెత్తి, "ఏటిరా పండితుడా, తాడు సూసేవా?" అన్నారు.

"చూశాను మేష్టారూ. పంచెలు ఆరేసుకుంటున్నాను."

ఆయన కుట్టు ఆపి నన్ను కాసేపు చూశారు. తరవాత నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వారు. నేను ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్నాను.

"ఆ తాడు దాలమ్మ పేనిందిరా" అన్నారు చివరికి. "మద్దిలో ఒకసోట జానెడు మేర పురి వదిలీసి ఉంటాది. నీ పంచె అంచు అక్కడే జారుతుండాల."

నిజమే. అక్కడే జారేది. నేను ఆ మాట ఒప్పుకోలేదు.

అప్పుడు చెప్పారు. ఆ తాడు పేనిన నెల కథలో మనిషి చంద్రమండలం మీద దిగుతాడు. దిగేముందు బండి మండిపోబోతుంది, మరలు విరుగుతాయి, ఒక పెద్ద గుంట అంచున తలకిందులుగా వేలాడతాడు. ఇంతసేపూ ఆడవాళ్ళ చేతులు ఆడుతూనే ఉన్నాయి. పురి ఎక్కడా వదల్లేదు. తరవాత ఆ మనిషి క్షేమంగా దిగుతాడు. చుట్టూ ఏమీ లేదు. అక్కడ గాలి లేదు, గాలి లేదు కనక చప్పుడు లేదు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ "ఏమే" అని తప్ప భార్యని పిలిచి ఎరగడు. మన ఊళ్ళల్లో మొగుడూ పెళ్ళాలు పేర్లతో పిలుచుకోరు కదా. ఆ మనిషికి అక్కడ నిలబడ్డాక, జీవితంలో మొదటిసారి, భార్యని పేరు పెట్టి పిలవాలనిపిస్తుంది. పిలుస్తాడు. పెదవులు కదులుతాయి. ఆ పిలుపు అతనికే వినబడదు. కథలో ఇది రెండే వరసలు. పేరేమిటో కూడా రచయిత రాయలేదు.

"ఆ రెండు వరసల కాడ గదిలో ఒక్క సెయ్యి ఆడలేదురా" అన్నారు మేష్టారు. "నాను సదవడం ఆపీసి సూసేను. అందరి సేతుల్లోనూ పీచు అలాగే ఉండిపోనాది. దాలమ్మ మొగుడు రంగం ఎల్లి ఆరేళ్ళు. కబురు నేదు. అది అంది గదా, ‘మేట్టారూ, మా ఓడు గూడా అక్కణ్ణించి పిలుత్తన్నాడేటో, నాకే ఇనబడ్డం నేదేటో’ అంది. ఇప్పుడు సెప్పు. ఏటంటావు?"

రంగం అంటే రంగూను. ఆ తీరం ఊళ్ళలో మగవాళ్ళు ఓడెక్కి పనికి పోయే చోటు. దాలమ్మ మాట నాకు తగిలింది. కాని పండితుణ్ణి కదా, వాదం వదిలిపెట్టలేదు. "ఆవిడ దుఃఖం ఆవిడది మేష్టారూ, కథ గొప్ప కాదు. దుఃఖం ఉన్నవాళ్ళకి ఏం చదివినా చెయ్యి ఆగుతుంది" అన్నాను.

"మరి మంటకాడ ఎందుకాగలేదు?"

నేను అరుగు మీద పడిన దారపు ముక్కలు ఏరడం మొదలుపెట్టాను.

"మీ కావ్యాల్లో విరహం ఉన్నాది. మేఘాలతో సెప్పుకుంటారు, హంసలతో సెప్పుకుంటారు. గాలి నేని సోట నిలబడి పిలిసినవోడు ఉన్నాడేటి? ఒక్కడూ నేడు. ఎందుకు నేడు? అక్కడికి ఎవులూ ఎల్లలేదు గనక. ఈ కత ఎల్లింది. బండి ఉంది గనక ఎల్లింది. అలాగని ఆ పత్రికలో వచ్చినవన్నీ గొప్పవని నానన్ను. సగం పొట్టే. ఆ నాలుగో నెల కత నాకే నిద్దరొచ్చింది. పొట్టు ఉందని గింజని పారబోత్తావా?"

అని ఊరుకోలేదు. వంగి, నా చెయ్యి పట్టుకుని, ఈ మాట అన్నారు: "కత సెప్పీవోడు ఇనీవోళ్ళ మొకాలు సూడకూడదురా. మొకం మరేదకి నవ్వుతాది. సేతులు సూడాలి."

ఒకరోజు వచ్చి మధ్యాహ్నం కూర్చో, చదువుతుంటే విను, తరవాత నీ ఇష్టం వచ్చినట్టు రాసుకో అన్నారు. వస్తానన్నాను. ఎప్పుడన్నారు. ఈ దసరాకి అన్నాను. ఆ దసరాకి వెళ్ళలేదు. పరీక్ష పేపర్లు దిద్దాలనుకున్నాను, తరవాత వానలనుకున్నాను, తరవాత మా మామగారి ఊరనుకున్నాను. మూడు దసరాలు వెళ్ళిపోయాయి. అసలు సంగతి మీకు చెప్పేస్తాను. అక్కడ కూర్చుంటే నా వ్యాసం తప్పని ఒప్పుకోవలసి వస్తుందని నాకు భయం. ఒప్పుకుంటే ఆ వ్యాసానికి వచ్చిన మెప్పంతా వదులుకోవాలి. ఇంతకంటె పెద్ద కారణం లేదు. రాసుకుంటుంటే సిగ్గేస్తోంది, రాయక తప్పదు.

ఈలోగా ఆ మాసపత్రిక మూతపడింది. బండి చంద్రమండలం నుంచి బయల్దేరి, భూమి దారిలో ఉండగా ఆగిపోయింది. నాకు ఆ వార్త తెలిసి, మంచిదే అయింది, పీడా వదిలింది అనుకున్నాను. మేష్టారు ఊరుకోలేదట. మిగతాది తనే నెలకింతని రాసి చదివారట. కొత్తది ఎప్పుడు చదవాలో పాత టపా లెక్కనే చూసుకునేవారట. పత్రిక మూతపడ్డట్టు ఆ ఆడవాళ్ళకి చెప్పనే లేదట, ఆయన పోయాక ఆ రాత పుస్తకం దొరికితేగాని వాళ్ళకి తెలియలేదట. ఇవన్నీ నేను పోయిన ఆదివారం వాళ్ళ నోటనే తెలుసుకున్నాను.

పదో రోజుకి అందుకోలేకపోయాను. పదిహేనో రోజున టెక్కలికి దగ్గరి నౌపడలో రైలెక్కి పలాసలో దిగి, బండి మాట్లాడుకుని, ఆఖరి మూడు మైళ్ళూ ఇసకలో నడిచి ఊరు చేరాను. బడి తలుపు తీసే ఉంది. గదిలో ఏడెనిమిదిమంది ఆడవాళ్ళు పీచు ముందేసుకుని కూర్చున్నారు. మేష్టారి కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద ఆయన కుట్టుకున్న పుస్తకం ఉంది. కళ్ళద్దాలు పుస్తకం మీద ఉన్నాయి. పీచు ముడి అలాగే ఉంది.

ఒక ముసలామె లేచి చాప వేసింది. దాలమ్మ. నేను ఆవిణ్ణి చిన్నప్పుడు చూసిందే. జుట్టంతా తెల్లబడిపోయింది. "రా బాబూ, కూకో. మేట్టారు సెప్పీవోరు, నాను నేకపోతే టెక్కల్లో నా పండితుడున్నాడు, ఆడొచ్చి సెప్తాడు అని. నువ్వేనా?" అంది.

నేనే అన్నాను. మూడేళ్ళు నేను మొహం చాటేస్తుంటే ఆయన ఇక్కడ కూర్చుని నన్ను వీళ్ళకి ఇలా పరిచయం చేసి పెట్టారు.

పుస్తకం విప్పాను. మేష్టారి గుండ్రటి అక్షరాలు. ఆఖరి పుటలో బండి భూమికి దగ్గరపడింది. కిందికి చూస్తే నీలం. సముద్రం. ఏ ఊరి సముద్రమో తెలియడం లేదు. అక్కడితో ఆగింది. కింద తెల్ల కాగితం.

"దిగుతాడా బాబూ?" అంది వెనక కూర్చున్న ఒకావిడ.

"దిగుతాడు" అన్నాను.

చేతులు ఆడడం మొదలయ్యాయి. నేను చెప్పడం మొదలుపెట్టాను. పాఠకులారా, నేను చేతగానివాణ్ణి కాను. వందమంది పిల్లల ముందు గుక్కతిప్పుకోకుండా ప్రబంధం చెప్పగలను. ఆవేళ నాకొచ్చినదంతా వాడాను. సంధ్యాకాలం వర్ణించాను. కెరటాలు వర్ణించాను. బండి నీళ్ళ మీద వాలడం, పడవలవాళ్ళు తాళ్ళు వేసి లాగడం, ఒడ్డున మేళాలు, ఊరంతా ఎదురురావడం చెప్పాను. భార్య వచ్చింది. పసుపు రాసుకుని, పువ్వులు పెట్టుకుని, పళ్ళెంలో హారతి తెచ్చింది. అతని కళ్ళలో నీళ్ళు, ఆమె కళ్ళలో నీళ్ళు. ఊరివాళ్ళ దీవెనలు. నా గొంతు నాకే ముచ్చటగా వినిపించింది. చెబుతున్నంతసేపూ వాళ్ళ ముఖాలే చూశాను. అందరూ మర్యాదగా నవ్వుతున్నారు.

ముగించాను. అప్పుడు మేష్టారి మాట గుర్తొచ్చి చేతుల వంక చూశాను. అన్నీ ఆడుతూనే ఉన్నాయి.

దాలమ్మ తన ఒళ్ళో తాడు తీసి, రెండు చేతుల మధ్యా సాగదీసి చూసుకుంది. "తాడు సక్కగొచ్చింది బాబూ" అంది. "ఎక్కడా వదుల్నేదు."

నా మనసు నొప్పించకూడదని అంది. ఆ దయకి నేను తల ఎత్తలేకపోయాను.

అడగాలా వద్దా అన్నట్టు, నెమ్మదిగా అడిగింది. "మరి, ఆడు దాన్ని పేరెట్టి పిలిసేడా బాబూ?"

అంతదూరం పోయి, గాలి లేని చోట పిలిచి, ఆ పిలుపు వినబడక, మళ్ళీ గాలీ చప్పుడూ ఉన్న చోటికి వచ్చిన మనిషి ముందుగా చేసే పని ఏమిటి? మేళాలు పెట్టాను, హారతి పెట్టాను, అదొక్కటీ పెట్టలేదు. నాలుగేళ్ళుగా ఆ గదిలో వాళ్ళు ఎదురుచూస్తున్నది బండి కోసం కాదు. ఆ ముసలామె ఎదురుచూస్తున్నది బండి కోసం కాదు. రచయిత రెండు వరసల్లో పెట్టి వదిలేసిన విత్తనం అది. మేష్టారికి తెలుసు. తెలిసే సముద్రం దాకా తెచ్చి నాకు వదిలిపెట్టారేమో. నేను దాన్ని తొక్కుకుంటూ పోయాను.

"పిలవలేదు" అన్నాను.

"అయితే ఇంకా రానట్టే" అంది దాలమ్మ. ఆ మాటలో నిష్ఠూరం లేదు. పీచు మళ్ళీ అందుకుంది. "మల్లీ ఆదోరం రా బాబూ. తొందరేటి నేదు. మాం ఇక్కడే ఉంటాం."

వస్తూంటే కత్తిపీట మీద ఆ తాడు రెండు బారలు కోసి నా చేతిలో పెట్టింది. దాన్ని సంచీలో పెట్టుకున్నాను.

శాస్త్ర కల్పనలకి, అందులోనూ నెలనెలా ముక్కలుగా వచ్చేవాటికి, సాహిత్య గౌరవం ఉందా లేదా అని నేను ఈ పత్రికలో అడిగిన ప్రశ్నకి ఇప్పుడు మీరు నన్ను జవాబు అడగవచ్చు. నేను రాసింది తప్పు. అంతవరకు చెప్పగలను. ఏ కథ పొట్టో, ఏది గింజో తేల్చే పని నాకు ఇంతకాలం కాగితం మీద సులువుగా ఉండేది. ఇప్పుడు లేదు. ఇప్పుడు నాకు మిగిలిన పని ఒక్కటే. వచ్చే ఆదివారం లోపల ఆ మనిషి చేత భార్యని పిలిపించాలి. ఏ పేరు పెట్టి పిలవాలో తెలియడం లేదు. అన్నం దగ్గర ఆలోచిస్తున్నాను, పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోతున్నాను. పిల్లలు నవ్వుకుంటున్నారు. అడగడానికి ఆయన లేరు. తప్పు ఎక్కడ చేశానో దాలమ్మ అడిగాకైనా నేను కనిపెట్టిన ఈ ఒక్కసారికీ రెండు జీడిపిక్కలు చేతిలో పెట్టడానికీ లేరు.

ఆ ఆదివారం సాయంత్రం పలాస ప్లాట్‌ఫారం మీద బల్ల దొరక్క నిలబడి, తాడు సంచీలోంచి తీశాను. ఈ కొస నుంచి ఆ కొస దాకా వేలు పోనిచ్చాను. వేలు ఎక్కడా ఆగలేదు. మళ్ళీ పోనిచ్చాను. ఇంతలో ఆగని బండేదో ఒకటి పెద్దగా కూత వేసుకుంటూ ప్లాట్‌ఫారం అదిరేలా నా ముందు నుంచి పోవడం మొదలుపెట్టింది. పెట్టె వెనక పెట్టె, ఎంతకీ తెగదు. తాడు పట్టుకుని ఆ చప్పుడులో నిలబడి, "మేష్టారూ" అని పిలిచాను. పెదవులు కదిలాయి. నాకే వినబడలేదు.